పరుగుకు పుట్టిన ఉంగరాల బొచ్చు: మదనపల్లె సీమలో పూడుల్ క్రాస్ కుక్కల పెంపకం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ బెంగుళూరుకు పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రాగలిగిన దూరంలో ఉన్నాయి. అక్కడి ఉద్యోగాల్లో మన పిల్లలున్నారు. అక్కడ మొదలైన ముచ్చట ఏదైనా పండగ సెలవులకల్లా మన వాకిళ్ళలో కనిపిస్తుంది. కుక్కల సంగతీ అంతే. ఒకప్పుడు బొచ్చుకుక్క అంటే పామెరేనియన్. తర్వాత లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు వచ్చాయి. ఇప్పుడు పూడుల్ జాతితో జత కలిపిన క్రాసుల వంతు. లాబ్రడార్‌తో కలిపితే లాబ్రడూడుల్, గోల్డెన్ రిట్రీవర్‌తో కలిపితే గోల్డెన్‌డూడుల్, కాకర్ స్పానియల్‌తో అయితే కాకపూ, మాల్టీస్‌తో అయితే మాల్టిపూ. అన్నిటికీ కలిపి జనం వాడే పేరు డూడుల్.

ఫోటోలో చూస్తే బొమ్మలా ఉంటుంది. అమ్మేవాళ్ళు బొచ్చు రాలదంటారు, ఎలర్జీ రాదంటారు, జబ్బులు తక్కువంటారు, పిల్లలతో ఇట్టే కలిసిపోతుందంటారు. ఈ మాటల్లో నిజమెంత? మదనపల్లె పక్కనున్న నిమ్మనపల్లె లాంటి ఊరిలో, మన ఎండలో, మన తిండితో, మన పొలాల నడుమ ఈ కుక్క సుఖంగా బతకగలదా? బతకాలంటే ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి? ఇప్పటిదాకా తెలిసిన సంగతులన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఈ కుక్కను ఇక్కడ బాగానే పెంచవచ్చు. అయితే దీనికి పెట్టవలసిన అసలు ఖర్చు డబ్బు కాదు, రోజూ పూటపూటా ఇవ్వవలసిన సమయం. ఆ సమయం లేని ఇంట్లో కుక్కా బాధపడుతుంది, మనుషులూ విసిగిపోతారు.

ఎక్కడి కుక్క, ఏ పనికి పుట్టింది

పూడుల్ అనగానే మనకు గుర్తొచ్చేది ప్రదర్శనల్లో గుండ్రంగా కత్తిరించిన బొచ్చుతో నిలబడే సోకుల కుక్క. పుట్టుకతో అది నీటి వేటకుక్క. జర్మనీ, ఫ్రాన్స్ ప్రాంతాల్లో వేటగాడు కొట్టిన బాతును చల్లటి నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళి తెచ్చివ్వడం దాని పని. ఈత సులువు కావడానికి ఒంటి మీది బొచ్చు తీసేసి, చలికి దెబ్బతినకుండా రొమ్ము మీద, కీళ్ళ మీద మాత్రం ఉంచేవారు. నేటి సోకు కత్తిరింపుకు మూలం ఆ పనే. భుజం దగ్గర ఎత్తును బట్టి ఈ జాతిలో మూడు రకాలు: 15 అంగుళాలు దాటితే స్టాండర్డ్, 10 నుంచి 15 మధ్య మినియేచర్, 10 లోపు టాయ్. మూడూ తెలివైనవే. మూడింటికీ మనిషి వెంటే ఉండాలని, చెప్పిన పని చెయ్యాలని తపన ఎక్కువ.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, కాకర్ స్పానియల్ కూడా వేట పనికి తయారైన జాతులే. రోజంతా తిరిగినా అలసిపోని రెండు పనికుక్కలను జత కలిపితే పుట్టే పిల్ల సోఫా మీద పడుకుని ఉంటుందని ఆశించడం తప్పు. డూడుల్ చలాకీతనం చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు, అల్లరని కొట్టేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. దాని ఒంట్లో ఉన్నది తరతరాలుగా ఎంచి పెంచిన పని శక్తి.

పూడుల్‌కూ కాకర్‌కూ కలిపిన క్రాసులు అమెరికాలో 20వ శతాబ్దం మధ్య నుంచే ఉన్నాయి. ప్రపంచమంతా వెర్రిగా మారింది మాత్రం ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ప్రయత్నం తర్వాత. 1980ల చివర అక్కడి రాయల్ గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్‌కు హవాయి నుంచి ఒక వినతి వచ్చింది. చూపు లేని ఒక మహిళకు దారి చూపే కుక్క కావాలి. ఆమె భర్తకు కుక్క బొచ్చు పడదు. కాన్రన్ ముందు ఎన్నో స్టాండర్డ్ పూడుల్‌లను పరీక్షించాడు. ఏదీ ఆ పనికి కుదరలేదు. చివరికి లాబ్రడార్‌తో జత కలిపాడు. మూడు పిల్లలు పుట్టాయి. వాటి బొచ్చు, లాలాజలం నమూనాలు హవాయికి పంపితే, ఆ భర్తకు పడింది ఒక్కదానిదే. సుల్తాన్ అని పేరుపెట్టిన ఆ పిల్ల ఆమెకు తోడైంది.

ఈ కథలో జనం గుర్తుంచుకోనిది ఒకటుంది. ఒకే తల్లికి, ఒకే ఈతలో పుట్టిన మూడింటిలో రెండు ఆ పరీక్షలో నెగ్గలేదు. పైగా ఆ సంస్థ పిల్లలను పెంచడానికి వరుసలో ఉన్నవాళ్ళెవరూ క్రాస్ కుక్క అనేసరికి ముందుకు రాలేదు. లాబ్రడూడుల్ అని కొత్త పేరు పెట్టి పత్రికలకు చెప్పగానే ఫోన్లు మోగడం మొదలైంది. ఆ పేరుకు పుట్టిన గిరాకీని చూసి ఎక్కడెక్కడివారో లెక్కాపత్రం లేకుండా పిల్లలను పుట్టించడం మొదలుపెట్టారు. 2019లో ఆస్ట్రేలియా రేడియో సంస్థ ఏబీసీతో మాట్లాడుతూ, తన జీవితంలో పశ్చాత్తాపపడే పని ఇదేనని కాన్రన్ చెప్పుకున్నాడు. 2009 జనవరిలో అమెరికా అధ్యక్షుడు కాబోతున్న ఒబామా, తన కూతుళ్ళ కోసం లాబ్రడూడుల్, పోర్చుగీస్ వాటర్ డాగ్‌లలో ఏదో ఒకటి చూస్తున్నామని చెప్పడంతో ఆ పేరు ఇంకా ఇంటింటికీ చేరింది. చివరికి వాళ్ళు తెచ్చుకున్నది రెండోదాన్నే.

క్రాస్ అంటే పాడి రైతుకు తెలిసిందే

జెర్సీ క్రాస్, హెచ్.ఎఫ్. క్రాస్ ఆవులను మేపిన మన రైతుకు ఈ విషయం పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు. నాటు ఆవుకు జెర్సీ సూది వేయిస్తే పుట్టిన మొదటి తరం పెయ్యలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. పాలూ ఇస్తాయి, ఎండకూ కొంత తట్టుకుంటాయి. ఆ క్రాసులను మళ్ళీ క్రాసులతోనే కలుపుతూ పోతే రెండో తరంలో దేని దారి దానిది. ఒకటి తల్లిని, ఒకటి తాతను పోలుతుంది; పాల లెక్క తప్పుతుంది. పుంగనూరు పొట్టి జాతి కనుమరుగయ్యే స్థితికి రావడానికి ఇలా లెక్క లేకుండా కలపడం ఒక ముఖ్య కారణం. ఆ జాతిని కాపాడే పనిని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఎత్తుకోవలసి వచ్చింది.

డూడుల్‌లోనూ జరిగేది అదే. బొచ్చు తీరును నిర్ణయించే మూడు జన్యువులను 2009లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆర్‌ఎస్‌పీవో2 వల్ల మూతి మీద మీసం, గడ్డం, కనుబొమల కుచ్చు వస్తాయి. ఎఫ్‌జీఎఫ్5 వల్ల బొచ్చు పొడవు మారుతుంది. కేఆర్‌టీ71 వల్ల ఉంగరాలు తిరుగుతుంది. మీసాల గుణానికి ఒక్క ప్రతి ఉన్నా చాలు కాబట్టి పూడుల్‌కూ లాబ్రడార్‌కూ పుట్టిన మొదటి తరం పిల్లలన్నిటికీ గడ్డం వస్తుంది. ఉంగరాల గుణం ఒక్కవైపు నుంచే రావడంతో బొచ్చు సగం సగం, అలలుగా ఉంటుంది. కొంత రాలుతుంది కూడా. మొదటి తరాన్ని మొదటి తరంతోనే కలిపితే కొన్ని పిల్లలు అచ్చం లాబ్రడార్‌లా నున్నటి బొచ్చుతో పుడతాయి, ఇల్లంతా రాలుస్తాయి. మొదటి తరాన్ని మళ్ళీ పూడుల్‌తో కలిపితే బొచ్చు రాలడం తగ్గుతుంది, దువ్వే పని రెట్టింపవుతుంది. బేరమాడేటప్పుడు వినిపించే ఎఫ్1, ఎఫ్1బీ అనే మాటలకు అర్థం ఇంతే. ఎఫ్1 మొదటి తరం. ఎఫ్1బీ మళ్ళీ పూడుల్‌తో కలిపింది.

డూడుల్ గుర్తింపు పొందిన జాతి కాదు. కాబట్టి పిల్లకు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కేసీఐ) పేపర్లు ఇస్తామని ఎవరైనా అంటే, ఆ కాగితాలు తల్లివో తండ్రివో అయి ఉండాలి. చూపించమని అడగండి. తల్లిని చూపించని చోట పిల్లను కొనవద్దు.

ఎలర్జీ రాదన్న మాట, ఆరోగ్యమన్న మాట

కుక్క పడని మనిషికి చెరుపు చేసేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం మీది పొట్టులో ఉండే కొన్ని ప్రోటీన్లు. వాటిలో ముఖ్యమైనది కాన్ ఎఫ్ 1. బొచ్చు రాలని కుక్కకూ చర్మం ఉంది, నాలుక ఉంది. 2011లో అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు 173 ఇళ్ళలో పసిబిడ్డ పడుకునే గది దుమ్మును పరీక్షించారు. ఎలర్జీ రాదని పేరున్న కుక్కల ఇళ్ళకూ మామూలు కుక్కల ఇళ్ళకూ తేడా కనిపించలేదు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధన ఇంకాస్త ముందుకు వెళ్ళింది. ఎలర్జీ రాదని అమ్మే పూడుల్, లాబ్రడూడుల్ లాంటి కుక్కల బొచ్చులోనే ఆ ప్రోటీన్ ఎక్కువగా తేలింది. లాబ్రడూడుల్ ఉన్న ఇళ్ళ నేల మీది దుమ్ములో అది కొంత తక్కువ ఉన్నా, గాలిలో తేడా లేదు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే చెయ్యవలసింది ఒకటే: కొనబోయే ఆ పిల్లతోనే రెండు మూడుసార్లు గంటలకొద్దీ గడిపి చూడటం. పేరును నమ్మడం కాదు.

క్రాస్ కాబట్టి జబ్బులు రావన్నది రెండో నమ్మకం. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజ్ బృందం 2024లో ప్రచురించిన అధ్యయనంలో 9,402 కుక్కలను తీసుకున్నారు. కాకపూ, లాబ్రడూడుల్, కావలియర్ స్పానియల్‌తో కలిపిన కావపూలను వాటి తల్లిదండ్రుల జాతులతో 57 రకాల జబ్బుల విషయంలో పోల్చారు. 86.6 శాతం పోలికల్లో తేడా ఏమీ లేదు. మిగిలినవాటిలో క్రాసులకు కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. అంటే ఈ కుక్కలు ప్రత్యేకంగా రోగిష్టివీ కావు, ప్రత్యేకంగా దృఢమైనవీ కావు.

దీని వెనకున్న లెక్క తేలిక. రెండు జాతులకూ ఒకే లోపం ఉంటే క్రాస్‌లో అది పోదు. కంటి తెర మెల్లగా చెడి రాత్రిచూపు, ఆ తర్వాత పగటిచూపు పోయే జబ్బు పూడుల్‌లోనూ ఉంది, లాబ్రడార్‌లోనూ ఉంది, కాకర్‌లోనూ ఉంది. తుంటి కీలు సరిగా కుదరకపోవడం స్టాండర్డ్ పూడుల్‌కూ, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్‌లకూ ఉన్నదే. చిన్న రకాల్లో మోకాటి చిప్ప జారుతుంది. అందుకే కొనేముందు తల్లిదండ్రుల కళ్ళ పరీక్ష, తుంటి ఎక్స్‌రే గురించి అడగాలి. అడిగితే విసుక్కునేవాడి దగ్గర పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా వదిలేసి రావాలి.

పరుగు, దానితో పాటు మెదడుకు పని

మధ్యరకం, పెద్ద డూడుల్‌కు రోజుకు గంట నుంచి రెండు గంటల తిరుగుడు కావాలి. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. మూత్రం పోయించి గేటు వేసెయ్యడం తిరుగుడు కాదు. ఇది లేకపోతే ఆ శక్తి చెప్పులు కొరకడంలోకి, మొక్కలు తవ్వడంలోకి, వచ్చినవాళ్ళ మీదకు ఎగరడంలోకి, గంటలకొద్దీ అరవడంలోకి పోతుంది. పక్కింటివాళ్ళతో తగాదా అక్కడే మొదలవుతుంది. ఏడాది నిండని పిల్లను మాత్రం పెద్ద దూరాలు పరిగెత్తించకూడదు. ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు.

ఈ విషయంలో మన సీమ అదృష్టవంతురాలు. సముద్రమట్టానికి 700 మీటర్ల దగ్గర ఉన్న మదనపల్లె పీఠభూమి గాలి మంచిదనే వందేళ్ళ కిందట ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి కట్టారు. కోస్తాలో ఉక్కపోతకు అల్లాడే బొచ్చుకుక్క ఇక్కడి తెల్లవారుజాముల్లో హాయిగా తిరుగుతుంది. నిమ్మనపల్లెలో బాహుదా ప్రాజెక్టు వైపు, ఊరి చెరువు కట్టల మీద నడకకు చోటుంది. నీళ్ళు కనిపిస్తే ఈ కుక్క ఆగదు, ఈత దాని రక్తంలో ఉంది. అయితే కదలని మురికి నీటిలో దిగనివ్వకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఈదిన ప్రతిసారీ చెవుల లోపల పొడిగుడ్డతో తుడవాలి. వేలాడే చెవి, లోపల బొచ్చు, తడి మూడూ కలిస్తే చెవిలో చీము పట్టడానికి ఎన్నాళ్ళో పట్టదు.

జాగ్రత్తలూ మన నేలవే. టమోటా తోటల్లో మందు కొట్టిన రోజున కుక్కను అటు తీసుకెళ్ళకూడదు. ఆకుల్లో దూరి వచ్చి ఒళ్ళు నాక్కుంటే మందు కడుపులోకి పోతుంది. నోటి నుంచి చొంగ కారడం, వణుకు, కంటిపాప చిన్నదైపోవడం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. ఏ మందు కొట్టారో ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళాలి. హార్స్‌లీ కొండల చుట్టుపక్కల చీకటి పడ్డాక కుక్కను విడిచిపెడితే అది చిరుతకు ఆహారం. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్నవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. ఏనుగును చూసి మొరిగిన కుక్క భయపడి యజమాని దగ్గరికే తిరిగి పరుగెత్తుకొస్తుంది, ఏనుగు దాని వెనకే వస్తుంది. అడవి అంచున లీష్ వదలకూడదు.

కాళ్ళు అలసినా మెదడు అలసిపోకపోతే పూడుల్ క్రాస్ నిద్రపోదు. ఇందుకు ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. మదనపల్లె ఇళ్ళలో పాత టమోటా క్రేట్లు ఉండనే ఉంటాయి. వరండాలో నాలుగింటిని బోర్లించి, ఒకదాని కింద ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టి, వెతకమని వదలండి. ముందు అన్నిటినీ కాళ్ళతో గీరుతుంది. రెండు మూడు రోజుల్లో ముక్కు నేలకు ఆనించి, ఒక్కో క్రేటు అంచు వెంట వాసన చూస్తూ వెళ్ళి, సరైనదాని దగ్గర ఆగి మీ ముఖంలోకి చూస్తుంది. పావుగంట ఇలా వెతికిన కుక్క హాయిగా కాళ్ళు చాపి పడుకుంటుంది.

కొట్టి నేర్పడం దీని దగ్గర అసలు పనికిరాదు. మనిషి గొంతులో మార్పును ఇట్టే పట్టేసే కుక్క ఇది. కొడితే భయపడుతుంది, భయం ముదిరితే కరుస్తుంది. మంచిపని చేసిన క్షణంలో ముక్క ఇచ్చి మెచ్చుకుంటే చాలు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్ల ఏం చూస్తే దానికి జీవితాంతం అలవాటు పడుతుంది. ట్రాక్టరు చప్పుడు, మేకలు, పసిపిల్లలు, తలపాగా కట్టుకున్న పెద్దాయన, ఆటో, ఆలయం మైకు అన్నీ ఆ వయసులోనే దూరం నుంచి, భయం లేకుండా పరిచయం చెయ్యాలి.

దువ్వెన పట్టని ఇల్లు

బొచ్చు రాలదంటే పని లేదని కాదు. రాలవలసిన వెంట్రుక అక్కడే ఉంగరాల్లో ఇరుక్కుపోతుంది, కొత్తదానితో పెనవేసుకుంటుంది, ఉండలు కడుతుంది. పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది. వేళ్ళు లోపలికి పెడితే చర్మానికి అంటుకుని అట్టలా ఉంటుంది. ఆ అట్ట కింద గాలాడక చర్మం ఎర్రబడి పుండవుతుంది. నడిచిన ప్రతిసారీ లాగుతుంది. ఎనిమిది నెలల నుంచి పద్నాలుగు నెలల మధ్య పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే కాలం మరీ కష్టం. అప్పుడు రోజూ దువ్వాలి.

దువ్వే పద్ధతి ఇది. కుక్కను పక్కకు పడుకోబెట్టాలి. ఒక చేత్తో బొచ్చును పైకి ఎత్తి పట్టుకుని, అడుగున తెల్లటి చర్మం పాపిటలా కనిపించేలా చెయ్యాలి. ఆ పాపిట దగ్గర మొదలుపెట్టి సన్నతీగల బ్రష్‌తో కిందికి దువ్వాలి. అది అయ్యాక వేలెడు పైన ఇంకో పాపిట తియ్యాలి. అలా కాలి నుంచి వీపు దాకా ఎక్కుతూ పోవాలి. చివర స్టీలు దువ్వెన దింపితే ఎక్కడా ఆగకూడదు. ఆగిన చోట ఉండ ఉన్నట్టే. చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో ఎక్కువగా ఆగుతుంది. పొలం గట్టు మీద తిరిగి వచ్చిన రోజున అక్కడే ఉత్తరేణి గింజలు గుచ్చుకుని ఉంటాయి. కాలివేళ్ళ మధ్య పల్లేరు కాయ దొరుకుతుంది. వాటిని అదే రోజు తియ్యకపోతే ఒక్కో గింజ చుట్టూ ఒక్కో ఉండ తయారవుతుంది. స్నానానికి ముందే దువ్వాలి. ఉండల మీద నీళ్ళు పోస్తే అవి ఇంకా బిగుసుకుంటాయి.

ఆరు వారాలకోసారి కత్తిరింపు ఉండాలి. మదనపల్లెలో ఈ పని తెలిసినవాళ్ళు దొరక్కపోతే ఒక క్లిప్పర్ కొని ఇంట్లోనే నేర్చుకోవడం మంచిది. వేసవిలో బొచ్చు కురచ చెయ్యవచ్చు, కానీ చర్మం కనిపించేలా గొరగకూడదు. ఎండకు చర్మం కాలుతుంది.

దువ్వెన పట్టడానికి ఇంకో పెద్ద కారణం పిడుదులు. మన ఊళ్ళలో కుక్కల ప్రాణం తీసే జబ్బుల్లో పిడుదుల జ్వరం ముందు వరసలో ఉంటుంది. ఎర్లికియా, బబీసియా అనే సూక్ష్మజీవులు పిడుదు కాటుతో రక్తంలోకి చేరతాయి. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం ఎర్రగా రావడం దాని గుర్తులు. నున్నటి బొచ్చున్న నాటు కుక్క మీద పిడుదు కంటికి కనిపిస్తుంది. డూడుల్ ఉంగరాల్లో శనగగింజంత లావయ్యేదాకా కనిపించదు. రక్తం తాగిన ఆడ పిడుదు కిందకు దిగి గోడ సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకు మందు వేసి, అది పడుకునే చోటునీ గోడ పగుళ్ళనూ వదిలేస్తే ఉపయోగం లేదు. ఏ మందు, ఎంత అనేది బరువు చూసి డాక్టరే చెప్పాలి. పశువులకు వాడే పిడుదుల మందును మోతాదు తగ్గించి పూసే అలవాటు వల్ల కుక్కలు విషమెక్కి చనిపోతాయి.

సంగటి పెట్టవచ్చా?

పెట్టవచ్చు. వేల ఏళ్ళు మనిషి పక్కన బతికిన కుక్కకు పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తి వచ్చిందని 2013లో జన్యు పరిశోధన తేల్చింది. కానీ ఉత్త రాగిసంగటి, ఉత్త పెరుగన్నం పరుగులు తీసే ఈ కుక్క కండకు చాలవు. సంగటిలో గుడ్డు, ఉడికించిన కోడిమాంసం, కాలేయం కొంచెం, గుమ్మడి, క్యారెట్ లాంటివి కలవాలి. ఉప్పు, కారం, పోపు ఉండకూడదు. ఎదిగే పిల్లకు కాల్షియం, భాస్వరం పాళ్ళు సరిగ్గా కుదరాలి కాబట్టి మొదటి ఏడాది మంచి కంపెనీ పప్పీ ఫుడ్‌ను ప్రధానంగా పెట్టి, ఇంటి తిండిని తోడుగా ఇవ్వడం క్షేమం.

మన వంటింటి నుంచి వచ్చే అపాయాలు కొన్ని ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, ఉడికినా విషమే. మిగిలిన సాంబారు, కోడిపులుసు కలిపిన అన్నం పెట్టకూడదన్నది ఇందుకే. పాయసంలోని ఎండుద్రాక్ష, తోటలోని పచ్చి ద్రాక్ష రెండూ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్ విషం. వండిన కోడి ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది. మామిడి కాలంలో మన ఇళ్ళలో టెంకలు వాకిట్లోనే పడి ఉంటాయి. కుక్క మింగిన టెంక పేగులో అడ్డంపడితే ఆపరేషన్ తప్పదు. బాగా పండిన టమోటా ముక్క పరవాలేదు. పచ్చికాయ, ఆకు, కాడ మాత్రం తిననివ్వకూడదు.

టీకా, ఎండ, డాక్టరు

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలుపెట్టి పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. పార్వో వచ్చిన పిల్ల రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోవచ్చు. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత ఏడాదికోసారి. ఏటా జూలై 6న పశుసంవర్ధక శాఖ ఉచితంగా ఈ టీకా వేస్తుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా ప్రాణం దక్కడం లేదనే చెప్పాలి. ఏ కుక్క కరిచినా, గీరినా పావుగంట సేపు సబ్బుతో ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంటి కుక్కే కదా అని ఊరుకోకూడదు.

కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి ఒగర్చడమే దాని చల్లబరిచే మార్గం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపల, సాయంత్రం పొద్దు వాలాక మాత్రమే తిప్పాలి. తారురోడ్డు మీద మీ అరచెయ్యి ఐదు క్షణాలు ఆనించలేకపోతే దాని పాదమూ ఆనలేదు. ఆగని ఒగర్పు, తూలడం, ఎర్రబడిన చిగుళ్ళు వడదెబ్బ గుర్తులు. మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

మండల పశువైద్యశాలల పని ఎక్కువగా పాడిపశువులది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ఉంది. పెద్ద జబ్బులకు, ఆపరేషన్లకు తిరుపతి వెటర్నరీ కాలేజీకో, బెంగుళూరు హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీకో పోవలసిందే. అర్ధరాత్రి వాంతులు మొదలైతే అంత దూరం ఎవరు తీసుకెళ్తారో ముందే ఆలోచించుకోవాలి.

కొనేముందు

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కపిల్లలను అమ్మకానికి పుట్టించేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెల పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్సుకు ఎక్కిస్తామనేవాళ్ళ దగ్గర కొనడం ఆ తల్లికుక్క మీద జరుగుతున్న హింసకు డబ్బు కట్టడమే. మనం అడగనంతవరకు ఆ వ్యాపారం మారదు.

ఇంటికి కాపలా కావాలనుకునేవాళ్ళకు డూడుల్ అసలే తగదు. దొంగనూ తోక ఊపి పలకరిస్తుంది. ఆ పనికి మన నాటు కుక్కను మించింది లేదు. ఈ ఎండ దానిది, ఈ తిండి దానిది, దువ్వెన అక్కర్లేదు, తెలివికి లోటు లేదు. ఊరి నాటు పిల్లకు టీకాలు వేయించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి తెచ్చుకుంటే అది పదేళ్ళకు పైగా ఇంటిని కనిపెట్టుకుని ఉంటుంది. కొల్లేరు ప్రాంతపు జోనంగి, కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై లాంటి జాతులూ మన వాతావరణానికి పుట్టినవే. వాటికీ పరుగు కావాలి గాని, బొచ్చు బాధ లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకో సంగతి. పిల్లలు బెంగుళూరులో ముచ్చటపడి కొంటారు. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారుతుంది, కుక్కను నిమ్మనపల్లెలోనో పుంగనూరులోనో ఉన్న అమ్మానాన్నల దగ్గర వదిలేసి వెళ్తారు. పాతిక ముప్పై కిలోల గోల్డెన్‌డూడుల్ ఒక్కసారి లీష్ లాగితే మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ కింద పడుతుంది. భయపడి దాన్ని గొలుసుతో కట్టేస్తారు. దువ్వేవాళ్ళు లేక బొచ్చు అట్టలు కడుతుంది. తిప్పేవాళ్ళు లేక పగలంతా అరుస్తుంది. ఇందులో పెద్దవాళ్ళ తప్పు లేదు, కుక్క తప్పు అసలే లేదు. పన్నెండు పదిహేనేళ్ళు బతికే ప్రాణిని ఏడాది ముచ్చటకు తెచ్చుకోవడంలో ఉంది తప్పు.

దినమంతా ఇంట్లో మనిషి ఉండి, వాకిలో మేడో ఉండి, పొద్దున్నే నడిచే అలవాటున్నవాళ్ళకు పూడుల్ క్రాస్ గొప్ప తోడు. చదువుకునే పిల్లలకు ఓపిక నేర్పుతుంది, ఒంటరిగా ఉన్నవాళ్ళను గడప దాటిస్తుంది. పెద్దవాళ్ళు తెచ్చుకోదలిస్తే ఏడెనిమిది కిలోలు దాటని చిన్న రకం మేలు. ఏ రకమైనా, అడ్వాన్స్ కట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పొద్దునా సాయంత్రం ఎవరు తిప్పుతారు? వారానికి మూడు నాలుగుసార్లు ఎవరు దువ్వుతారు? అందరూ ఊరెళ్ళినప్పుడు ఎవరి దగ్గర ఉంటుంది? మూడింటికీ పేర్లు చెప్పగలిగిన ఇల్లు నిశ్చింతగా పిల్లను తెచ్చుకోవచ్చు. ఏ ఒక్క ప్రశ్నకు పేరు దొరకకపోయినా, దొరికేదాకా ఆగాలి.